ఎల్లాజీ వదిలేసిన దెబ్బ

నేను ఒక పెద్ద డ్రమ్మును. పెళ్ళి ఊరేగింపులో బాకాలన్నీ తలెత్తుకుని కూస్తుంటే, ఒకడి పొట్ట మీద వేలాడుతూ ధన్ ధన్ మనేదాన్ని నేనే. బొబ్బిలి దగ్గర ఒక వడ్రంగి, వీణకు పనికిరాదని పక్కన పడేసిన పనస చెక్కతో నన్ను చేసి, రెండు వైపులా మేకతోలు బిగించాడు. అందుకు నాకేమీ చిన్నతనం లేదు. వీణ వినాలంటే పక్కన కూర్చోవాలి; నేను వీధి చివరికి కూడా వినిపిస్తాను.

విశాఖపట్నంలో బ్యాండు మేళం నడిపే దాలయ్య మేస్త్రి నన్ను కొని, తన చెల్లెలి మొగుడు ఎల్లాజీ మెడకు తగిలించాడు. ఎర్రకోటు, జరీ టోపీ, చెప్పిన చోట చెప్పిన దెబ్బ. మొదటి దెబ్బ గట్టిగా పడాలి, దాని మీదే అందరి కాళ్ళూ పడాలి. ఎవరి కాళ్ళు వాళ్ళవే అయినా, ఎప్పుడు వెయ్యాలో నా చేత చెప్పించుకోవడం మనుషులకు మహా ఇష్టం.

ఒకసారి హార్బరులో ఏదో విందుకు మేళం వెళ్ళింది. వంటల పందిరి వెనక, జమైకావాడైన ఒక ఓడ వంటవాడు టేపురికార్డరు పెట్టుకుని తమ దేశపు రెగ్గే పాటలు వింటున్నాడు. ఎల్లాజీ ఎంగిలి చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి విన్నాడు. ఆ పాటలో మొదటి దెబ్బ పడవలసిన చోట ఏమీ లేదు. ఒకటీ రెండూ గడిచాక, మూడోదానికి గానీ పెద్ద డ్రమ్ము పలకదు. ఒకరి భాష ఒకరికి రాదు. వంటవాడు రెండు మణికట్లూ జతచేసి సంకెళ్ళు చూపించాడు. వీపు మీద కొరడా చూపించాడు. తర్వాత నా మీదికి అరచెయ్యి ఎత్తి, కొట్టకుండా గాలిలోనే ఆపి నవ్వాడు. మొదటి దెబ్బ కొరడా పట్టినవాడిది, అందుకే దాన్ని వాళ్ళు కొట్టరని ఎల్లాజీకి అర్థమైంది, నాకూ అర్థమైంది.

ఆ తర్వాతి పెళ్ళిలోనే ఎల్లాజీ మొదటి దెబ్బ వదిలేశాడు. చిందులేస్తున్న పెళ్ళికొడుకు మేనమామలు, ఎత్తిన కాలు ఎక్కడ దించాలో తెలియక ఒకరి మీద ఒకరు పడ్డారు. పెళ్ళివారు మండిపడ్డారు. దాలయ్య మరో రెండు పెళ్ళిళ్ళు ఓర్చుకున్నాడు, బతిమాలాడు, చివరికి నా మేళం మూయించేస్తావా అని నిలదీశాడు.

"మొదటి దెబ్బ దొరలది బావా," అన్నాడు ఎల్లాజీ. "మా తాత దొర పల్లకీ ముందు బతికినన్నాళ్ళూ అదే కొట్టినాడు. నాను కొట్టను."

కోటూ టోపీ మడతపెట్టి ఇచ్చేశాడు. చెల్లెలి మొహం చూసి దాలయ్య నన్ను మాత్రం తిరిగి ఇమ్మనలేదు. ఎల్లాజీ రేవులో సిమెంటు బస్తాలు మోసేవాడు. సాయంత్రం గుమ్మంలో కూర్చుని నన్ను ఒళ్ళో పెట్టుకునేవాడు. అతని భార్య నూకాలు మొదట్లో నెత్తి కొట్టుకుంది. కొన్నాళ్ళకు బెండకాయలు తరుగుతూ మొదటి దెబ్బ దగ్గర కత్తి ఆపడం మొదలుపెట్టింది. తనకు తెలియకుండానే ఆపేది. అవి నా జీవితంలో మంచి రోజులు. వీధిలో వాళ్ళు అతన్ని పిచ్చి ఎల్లాజీ అనేవారు, ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది.

సిమెంటు దుమ్ము అతని ఊపిరితిత్తులు తినేసింది. ఇక లేవలేనని తెలిశాక దాలయ్యను పిలిపించి చెయ్యి పట్టుకున్నాడు.

"నాను పోనాక మీ మేళమే రావాల బావా. నా దెబ్బే కొట్టాల. అది రాదంటే ఏటీ కొట్టొద్దు, ఊరుకునే మోసుకెళ్ళిపోండి."

దాలయ్య ఏడుస్తూ తలాడించాడు. అబద్ధపు ఏడుపు కాదు. బావమరిది అంటే అతనికి ప్రాణం.

ఎల్లాజీ పోయిన రోజున దాలయ్య మేళమంతటినీ ఎర్రకోట్లతో తీసుకొచ్చాడు. తనకు తెలిసిన గౌరవం అదే. జరీ టోపీ ఒకటి తెచ్చి శవం తలకు పెట్టాడు. నన్ను తనే మెడకు తగిలించుకున్నాడు. నూకాలు వచ్చి అడ్డంగా నిలబడింది.

"మొదటి దెబ్బ వదిలెయ్యన్నా. నీకు సెప్పినాడు గదా."

"అడుగు కలవకపోతే మోసీవోళ్ళు తడబడతారే సెల్లీ," అన్నాడు దాలయ్య. "ఈడు కింద పడిపోతే నాను సూడలేను."

పాడె లేచింది. దాలయ్య చెయ్యెత్తాడు. చిరిగిపోవాలని నేను ఎంత కోరుకున్నానో చెప్పలేను. పాత తోలు, ఎప్పుడు చిరిగినా ఎవరూ ఆశ్చర్యపోరు. కానీ చిరగలేదు. మొదటి దెబ్బ పడింది, మోసేవాళ్ళ కాళ్ళన్నీ ఒక్కసారి పడ్డాయి. నూకాలు చెవులు మూసుకుని గుమ్మంలో కూలబడింది. డ్రమ్ము ఇన్నేళ్ళయినా ఎంత బాగా మోగుతోందో అని ఎవరో మెచ్చుకున్నారు.

ఇప్పుడు మళ్ళీ మేళంలోనే ఉన్నాను. ఏ పెళ్ళిలోనూ ఎవరి కాలూ తప్పడం లేదు. నూకాలు ఉండే వీధి మీదుగా వెళ్ళేటప్పుడు ఆమె తలుపు మూసే ఉంటుంది. దాలయ్య మీద నాకు కోపం లేదు, నా మీదే నాకు అసహ్యం. కొట్టను అనడానికి ఎల్లాజీకి నోరుంది, అన్నాడు. మోగను అనడానికి నాకు నోరు లేదు. అతను వద్దన్న దెబ్బనే, అతని పాడె ముందు, శ్మశానం దాకా మోగాను.