నాగులమ్మ ఎండబెట్టిన ఆకు

తలారి మునెయ్య తప్పెట కొట్టుకుంటూ వీధిలోకి వచ్చేసరికి నాగులమ్మ మొగుణ్ణి పక్కకు దొర్లించి, వీపు మీది పుండ్లకు వేపనూనె రాస్తోంది. ఓబయ్యకు నడుం కింద చలనం లేదు. ఉన్న ప్రాణమంతా నడుంలోనే ఉంది, అదీ నొప్పి రూపంలో.

“ఇనుకోండప్పా. తాగుడు మీద ఉండిన నిషేధం సర్కారోళ్లు ఎత్తేసినారు. కల్లంగళ్లు, సారాయంగళ్లు మళ్లీ తెరస్తారు,” అని చాటి మునెయ్య ముందుకు సాగబోయాడు.

చిత్తూరు జిల్లాలో ఐదారేళ్లుగా కల్లు లేదు, సారాయి లేదు, గంజాయీ లేదు. మూడింటినీ ఒకే గాటన కట్టేశారు. ఇప్పుడు యుద్ధం రోజులు, సర్కారుకు రాబడి కావాలి. చంద్రగిరికి పడమటనున్న ఆ ఊళ్లో సగం మంది కల్లు గీసి బతికినవాళ్లే కాబట్టి, ఆ పూట వీధిలో పెళ్లివారి ఇంటి సందడి అయింది. నాగులమ్మ నూనె చేతిని కొంగుకు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చింది.

“మునెయ్యా, నిషేధం అంతా పోయినట్టేనా?”

“అంతా పోయినట్టే అక్కా.”

“ఆకు కూడానా?”

మునెయ్యకు చెప్పిన హుకుంలో గంజాయాకు ఊసే లేదు. లేనిదానికి అతను మాత్రం ఏం చెప్పగలడు? “సారాయినే ఇడిసిపెట్టినారు. ఇంక ఆకుదేముండాది?” అన్నాడు. బుద్ధి ఉన్నవాడికెవడికైనా అలాగే తోస్తుంది. చట్టానికే తోచదు.

ఓబయ్య ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పేరుమోసిన గీతగాడు. గీసిందాంట్లో సగం తనే తాగేవాడు. తాగనప్పుడు అంత మంచివాడు ఇంకొకడు లేడు. తాగితే మాత్రం కన్నతల్లి కూడా తలుపు గడియ వేసుకునేది. అలాంటి ఒక సాయంత్రం, కడుపుతో ఉన్న నాగులమ్మను కాలితో తన్నాడు. ఆ బిడ్డ దక్కలేదు, మళ్లీ కడుపు పండలేదు. మరుసటి ఏడు తాగి తాటిమాను ఎక్కి, పైనుంచి పడ్డాడు. తన్నిన కాళ్లే పోయాయని ఊరంది. ఊరికేం, నోరుంది. ఓబయ్య మాత్రం ఎడ్లబండి మీద తిరుపతి గంగమ్మ గుడికి పోయి, కర్పూరం ఆర్పి ఇక తాగనని ప్రమాణం చేశాడు. తర్వాత నిషేధం వచ్చిన రోజున, “నా కాళ్లు పోయినాక ఊరందరి కాళ్లూ కట్టేసినారు మే,” అని నవ్వాడు కూడా.

ఒట్టు నిలిచింది. నొప్పీ నిలిచింది. తిరుమల కొండకు నడిచిపోతూ వాళ్ల అరుగు మీద పడుకున్న బైరాగి ఒకడు, లోపలి అరుపులు వినలేక కాసిని గింజలిచ్చి పెరట్లో వేసుకోమన్నాడు. ఆ ఆకును నేతిలో వేయించి, బెల్లంతో నూరి, చిన్న ఉండ చేసి పెడితే ఓబయ్య నిద్రపోయేవాడు. లేచాక మబ్బుగా ఉండేవాడు. చెప్పిందే చెప్పేవాడు, ఒక్కోసారి లేని మనుషుల్ని చూసి బెదిరేవాడు. అదేమీ అమృతం కాదని నాగులమ్మకు తెలుసు. కానీ చెయ్యి ఎత్తేవాడు కాదు. ఆమెకు అది చాలు. మొక్కల్ని కందిసాళ్ల మధ్య దాచి, తన పెరట్లోకి తానే దొంగలా పోయి ఆకు కోసుకుంటూ ఇన్నేళ్లు నెట్టుకొచ్చింది.

దండోరా విన్న ఓబయ్య ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

“నాగులూ, అంగడి మన వీధి మొగదాలనే పెడతారు. వాసన వస్తాది. నేను అడుగుతా. అడిగినా ఇయ్యొద్దు.”

“నేనుండంగా ఎవురు పోస్తారు మామా?”

ఆ మాట పట్టుకునే అతను కళ్లు మూసుకున్నాడు.

ఇక దాపరికం ఎందుకని నాగులమ్మ మర్నాడే మొక్కలు కోసి, వాకిట్లో చాప పరిచి ఆకు ఎండబెట్టింది. ఇన్నేళ్ల తర్వాత తల ఎత్తుకుని చేసిన పని అది. ఆకు ఇంకా పూర్తిగా ఎండకముందే అబ్కారీ జమేదారు గంగాధరం ఊళ్లోకి వచ్చాడు. గీతకిచ్చే మాన్లకు నంబర్లు వేయాలి. తారు డబ్బా మోస్తూ వెనకాల కుప్పుస్వామి ఉన్నాడు. ఓబయ్యతో కలిసి మాన్లెక్కిన పాత జతగాడు అతను. ఎండనపడి వచ్చారని నాగులమ్మ ఇద్దరికీ మజ్జిగ ఇచ్చింది. జమేదారు కుంటుతుంటే చూసి జాలిపడింది.

“సామికి మోకాళ్ల నొప్పి మాదిరుండాదే. గుప్పెడు ఆకు పట్టకపోండి. మా ఆయనకు ఇదే పెడతా ఉండా.”

గంగాధరం మజ్జిగ మొత్తం తాగి చెంబు దించాడు. “ఎవురు పెంచినారు దీన్ని?”

“నేనే సామీ,” అని ఆమె పెరడు కూడా చూపించింది.

“ఇడిసిపెట్టింది కల్లును, సారాయిని. గంజాయిని కాదు మ్మా,” అన్నాడు అతను. గొంతులో కోపం లేదు. ఆకును చాపతోనే చుట్టించాడు, కందిసాళ్లలో మిగిలిన మోళ్లు పెరికించాడు. విత్తనం కట్టిన మూట కూడా వదల్లేదు. నాగులమ్మను కూడా తన వెంట నడవమన్నాడు.

నాగులమ్మ పోతూ పోతూ కుప్పుస్వామి చేతులు పట్టుకుంది. “అన్నా, ఆయనకు గంజి పొయ్యి. ఇంకేమీ పొయ్యొద్దు. నీ బిడ్డల మీద ఆన.”

“పొయ్యను చెల్లే,” అన్నాడు కుప్పుస్వామి. నిజంగానే అన్నాడు.

చిత్తూరు కోర్టులో మేజిస్ట్రేటు ఆమె చెప్పింది చివరిదాకా విన్నాడు. నొప్పికి పెంచానని ఆమె అంటే, పక్కనున్న గుమాస్తా, “తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టుంది,” అని నవ్వాడు. గీతగాడి పెళ్లానికి సరిగ్గా అతికే సామెత దొరికిందని అతని సంబరం.

“అంత నొప్పి అయితే అంగట్లో సారాయి ఒక గుక్క తెచ్చి పోయకపోయావా?” అన్నాడు మేజిస్ట్రేటు. “దానికి సర్కారు అనుమతి ఉంది. నీ మొక్కకు లేదు.”

“అది పోస్తే నా మొగుడు నాకు మిగల్డు సామీ. ఇది పెడితే మిగిల్నాడు. ఏది చెడ్డదో మీరే చెప్పండి.”

ఆయన కలం అందుకున్నాడు. “ఏది చెడ్డదో చెప్పడానికి కాదమ్మా నన్నిక్కడ కూర్చోబెట్టింది,” అన్నాడు. జరిమానా వేశాడు, కట్టలేకపోతే నెల జైలు అన్నాడు. కట్టేవాళ్లెవరూ లేరు. నాగులమ్మను వేలూరు జైలుకు పంపారు.

జైల్లో ఆమెకు పెద్ద కష్టమేమీ లేదు. వేళకింత తిండి పెట్టారు. కానీ ముద్ద ఎత్తినప్పుడల్లా ఓబయ్య గంజి తాగాడో లేదో అన్న బెంగతో దాన్ని మళ్లీ పళ్లెంలోకి దించేది. నెల గడిచాక, బొగ్గుల మీద నడిచే బస్సెక్కి చంద్రగిరిలో దిగి, ఊళ్లోకి నడిచింది. అంగడి ఓబయ్య చెప్పిన చోటే వెలిసింది. వాసన ఇంటి గడపదాకా తోడు వచ్చింది.

కుప్పుస్వామి గడపలో కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచాడే గాని తల ఎత్తలేదు.

“నువ్వు పోయిన నాలుగు దినాలు బిగబట్టినా చెల్లే. గొడ్డు కూడా అట్ల అరవదు. ఆకు కోసరం తిరగని ఊరు లేదు. నీ గతి చూసినాక ఎవురిస్తారు? చచ్చిపోతాడనుకున్యా. ఒక గుక్క పోసినా.”

నాగులమ్మకు అతని మీద కోపం రాలేదు. వచ్చి ఉంటే కాస్త తేలికగా ఉండేది.

లోపల ఓబయ్య గడ్డం మాసిపోయి, పుండ్లు కుళ్లి, ఎర్రటి కళ్లతో పడి ఉన్నాడు. ఆమె వంగి తల నిమరబోయింది. “ఎవుతివే నువ్వు? నా ముంత యాడ దాచినావు?” అంటూ చేతికందిన చెంబు తీసి మొహాన కొట్టాడు. పెదవి చిట్లింది. నాగులమ్మ వెనక్కు జరిగి, తనకు తెలియకుండానే రెండు చేతులూ పొట్టకు అడ్డం పెట్టుకుంది. ఆ కాళ్లు చచ్చిపోయినందుకు ఆ పూట మొదటిసారి గంగమ్మకు మొక్కుకుంది.

తెల్లారి మత్తు దిగాక అతను ఆమెను గుర్తుపట్టాడు. పెదవి చూసి ఏడ్చాడు. “ఎవురు కొట్టినారు మే?”

“బస్సులో తగిలింది మామా.”

పొద్దెక్కేకొద్దీ నొప్పి లేచింది. పెరట్లో పిడికెడు ఆకు లేదు, వేసుకుందామంటే గింజ లేదు. మధ్యాహ్నానికి అతని అరుపులకు పక్కింటివాళ్లు పిల్లల్ని తీసుకుని చేలోకి పోయారు.

“నాగులూ, ఒక్క గుక్క పొయ్యి.”

“అడిగినా ఇయ్యొద్దన్నావే మామా.”

“అన్నా. ఇప్పుడు పొయ్యి. లేదంటే సంపెయ్.”

ఆమె చాలాసేపు అతని తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చివరికి తల దించి చాప మీద పెట్టి, ముంత పట్టుకుని వీధిలోకి నడిచింది.

అంగడి ముందు కుర్చీ వేసుకుని జమేదారు గంగాధరం ఉన్నాడు. గుర్తుపట్టి, “ఆడమనిషి వచ్చింది, దారియ్యండప్పా,” అన్నాడు. మగవాళ్లు పక్కకు తప్పుకున్నారు. “భయపడొద్దు మ్మా. ఇది సర్కారు అంగడి. నిన్ను ఎవురూ ఏమీ అనరు.”

నాగులమ్మ ముంత చాచింది. కొలిచేవాడు సగం పోసి ఆగాడు.

“నిండా పొయ్యి నాయనా,” అంది ఆమె. “మా ఆయన చెయ్యి లేపలేనంత పొయ్యి.”