వెనక్కి పోయిన ముఖం

ఆ గౌను తలుచుకుంటే అరాబాకి ఇప్పటికీ తలెత్తబుద్ధి కాదు.

కొరాంబా దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఏడు, తొలి అధ్యక్షుడు ఎబో ముఖం అచ్చేసిన గుడ్డ ఊరూరా అమ్మారు. తన ఊళ్లో గౌన్లన్నీ అరాబాయే కుట్టింది. ముఖం గుండెల మీదికే రావాలి. పిర్రల మీదికొస్తే కుట్టినదాని చెంప పగిలేది. ఎబో స్వయంగా ఆమె కుట్టుకొట్టుకి వచ్చి, "అక్కా, నా పరువు నీ కత్తెరలో ఉంది," అని నవ్వాడు కూడా.

ఏడేళ్లలో అతను ఎదురు చెప్పినవాళ్లందర్నీ జైల్లోకి తోయించాడు. చివరికి సైన్యం అతన్నే తోసింది. మర్నాటి నుంచి అప్పట్లో గౌన్లు కుట్టించుకున్న ఆడవాళ్లే అదే గుడ్డ తెచ్చి, "ఈసారి కూర్చునే చోటికి రానియ్యవే, వాడి మదం అణగాలి!" అన్నారు. అరాబా పగలబడి నవ్వుతూ వారంలో నలభై కుట్టింది.

అప్పుడే ఎబో తల్లి వచ్చింది, దాచుకున్న గుడ్డతో. "నా కొలతలు నీకు తెలుసుగా తల్లీ."

అరాబా కాదనలేకపోయింది. చేతులు మాత్రం వారం అలవాటు కొద్దీ కత్తిరించేశాయి.

ముసలామె తొడుక్కుని అద్దంలో గుండెల మీద వెతుక్కుంది. "మావాడేడే?"

వాకిట్లో ఎవరో కిసుక్కుమన్నారు. అరాబాకి తల కొట్టేసినట్టయింది. "విప్పెయ్ పెద్దమ్మా, మళ్లీ కుడతాను."

ముసలామె వెనక్కి తడుముకుంది. "వద్దులే. చంటప్పుడు గుడ్డతో నడుం వెనక కట్టుకుని వీణ్ణి మోసింది ఇక్కడేగా."

జోకొట్టినట్టు ఆ ముఖాన్ని రెండుసార్లు తట్టి, సంతలోకి నడిచిపోయింది.