ఆరో స్తంభం పొట్ట

"అయిదు స్తంభాలు చెడిపోయాయా" అని నేను ఫోన్లో అరిచిన అరుపు వంటగదిలోకి చేరేసరికి "అయిదు సంబంధాలు" అయింది. నలభై రెండేళ్లొచ్చినా పెళ్లికాని మా బావమరిది టీ గ్లాసుతో పరుగెత్తుకొచ్చాడు.

"నాకు చెప్పకుండా అయిదు చూశారా బావా? ఆరోదేమైనా మిగిలిందా?"

"మిగిలింది. నడు." విడమరిచే ఓపిక లేక స్కూటర్ ఎక్కించుకున్నాను.

ముప్పై ఏళ్లుగా పాతకాలపు పద్ధతిలో స్మారక మందిరాలు గీస్తున్నాను. స్మారకాలు గీసి గీసి నాకే స్మారకం తప్పేలా ఉంది. కట్టడాలకన్నా కమిటీల కట్టడి ఎక్కువ. ఒకరు గోపురం వద్దన్నారు, ఇంకొకరు మెట్లు కోసేశారు, మూడోవారు నా మందిరం చోట బస్టాండు కట్టుకున్నారు. నా గీతల్లో రాయి దాకా వెళ్లినవి ఈ ఆరు స్తంభాలే.

ఫోన్ చేసిన మేస్త్రీ, రాయి నిటారు చూసే తూకం గుండు పట్టుకుని గర్వంగా ఎదురొచ్చాడు. "మధ్యలో ఉబ్బుగా వచ్చాయి సార్. మీ పరువు పోతుందని అయిదింటి పొట్టా చెక్కేశాను."

"ఆ పొట్ట నేను పెట్టిందే."

"కావాలని ఎవరైనా పొట్ట పెంచుతారా సార్?"

బావమరిది చొక్కా సర్దుకున్నాడు.

పని చూడ్డానికొచ్చిన కమిటీ పెద్దాయన ఆరోదాన్ని తట్టాడు. "ఇదొక్కటే లావు. చెక్కించండి. అన్నీ ఒకేలా ఉండాలి."

ఇన్నేళ్లలో ఎందుకని ఎవరూ అడగలేదు. నా గీతే మాట్లాడుతుందని నేనూ చెప్పలేదు. ముగ్గుర్నీ గేటు దాకా లాక్కెళ్లాను.

మేస్త్రీ చాలాసేపు చూశాడు. "అయిదూ నడుం దగ్గర పీక్కుపోయాయి. ఆరోదే నిటారుగా ఉంది."

"దూరం నుంచి కన్ను మోసపోతుంది. తిన్నగా కనబడాలనే రాయికి పొట్ట పెట్టేది."

"ముందే చెప్పొచ్చుగా సార్."

"అయినా ఒకేలా..." పెద్దాయన మళ్లీ మొదలెట్టాడు.

మేస్త్రీ ఉలి సంచిలో పడేశాడు. "కనబడ్డాక నా చేత్తో చెక్కలేనండి. వేరేవాణ్ణి చూసుకోండి."

పెద్దాయన అటూ ఇటూ చూశాడు. ఉలి పట్టేవాడు ఇంకొకడు లేడు.

"ఇంతకీ సంబంధమేది బావా?"

"స్తంభం అన్నాన్రా, సంబంధం కాదు." సంగతి ముగ్గురికీ మొదట్నుంచీ చెప్పాల్సొచ్చింది. పెద్దాయన కూడా నవ్వాడు.

బావమరిది స్తంభాన్నీ, తన పొట్టనీ మార్చి మార్చి చూసుకున్నాడు. "అయితే బావా, ఈసారి వచ్చే పెళ్లివారిని గేటు దగ్గరే ఆపుదాం."