అక్క గొంతు తెలిసిన ట్యాబ్

అక్క లంగా చెల్లెలికి, అక్క బడిసంచి చెల్లెలికి. తండాలో ఎప్పుడూ ఇదే లెక్క. అందుకే శోభ విషజ్వరంతో చనిపోయిన ఏడాది, పెన్‌పహాడ్ బడివాళ్లు ఆమె ట్యాబ్‌ను కూడా చెల్లెలు నీల చేతిలోనే పెట్టారు. ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు.

తెరవగానే అది "ఎవరు చదువుతున్నారు?" అని అడుగుతుంది. పేరు చెబితే గొంతు గుర్తుపట్టి పాఠం తెరుస్తుంది. నీల తన పేరు చెప్పింది.

"గొంతు గుర్తుపట్టలేదు. మళ్లీ చెప్పండి" అంది ట్యాబ్.

తరగతంతా కిసుక్కుమంది. అసలే మాటను నోట్లోనే దాచుకునే పిల్ల, ఆ రోజుతో ఇంకా ముడుచుకుపోయింది. కృపారాణి మేడం "పేరు మారుస్త తియ్" అంది. సర్కారు బడిలో సవాలక్ష పనులు, మరిచిపోయింది.

ఒక సాయంత్రం ఇంటి వెనక ఒంటరిగా కూర్చుని నీల అక్కలా పలికి చూసింది. శోభ ముందు చిన్నగా ఊపిరి పీల్చేది, మాట చివర కాస్త సాగదీసేది.

"శోభ."

"రా, శోభా" అంది ట్యాబ్.

నీల ఒళ్లు జల్లుమంది. ఠక్కున మూసేసింది. మర్నాడు మళ్లీ తెరిచింది. ఎందుకు తెరవదు? చదువన్నది ఆమెను రమ్మని పిలవడం అదే మొదలు.

అక్క గొంతుతో చదివితే తెర మీద ప్రతి మాటా ఒప్పని పచ్చగా వెలిగేది. మార్కులు పెరిగాయి. తరగతిలో చెయ్యెత్తడం మొదలుపెట్టింది. ఎత్తిన చెయ్యి తనదే, లేచి మాట్లాడేది మాత్రం అక్క. పక్కన కూర్చునే చాందీ భయపడి బెంచీ మార్చుకుంది.

ఇంట్లో ఆ చదువు విని తల్లి మంగ్లీ పశువుల కొట్టం నుంచి, చేతిలో గడ్డి చేతిలోనే ఉండగా పరుగెత్తుకొచ్చింది. నీలను చూసి ఆగిపోయింది. అప్పటినుంచి రోజూ పక్కన కూర్చుని, కళ్లు మూసుకుని వింటోంది.

ఇంతలో సూర్యాపేటలో చదువు పోటీ వచ్చింది.

"పోటీకి నీ పేరే ఉండాలె. రేపు శోభది తీసేసి నీ గొంతు ఎక్కిస్త" అంది మేడం. నీల ఆ మాట మోసుకుని ఇంటికి ఉరికింది.

"తీసేస్తే శోభను అది గుర్తుపట్టదా?" అడిగింది మంగ్లీ.

"పట్టదు, యాడీ" అంది నీల తల్లితో.

"అయితే వద్దు బిడ్డా. మీ అక్కను పేరు పెట్టి పిలిచేది ఇగ గదొక్కటే. నీ గొంతు ఏడికి పోతది, నువ్వున్నవ్ గదా."

తానున్నానని ఈ ఇంట్లో ఎవరికి గుర్తుంది? తన గొంతేమిటో ఇప్పుడే వినిపించాలనుకుంది నీల. ట్యాబ్ ఒళ్లో పెట్టుకుని తెరిచింది.

"ఎవరు చదువుతున్నారు?"

నీల తనకు తెలియకుండానే చిన్నగా ఊపిరి పీల్చుకుంది.

"నీల" అంది, చివర కాస్త సాగదీసి.

"రా, శోభా" అంది ట్యాబ్.

మంగ్లీ కళ్లు మూసుకుంది.