వేరుతో సహా

మా కాలేజీలో బి.యస్సీ. చివరి సంవత్సరం పిల్లలు హెర్బేరియం ఇవ్వాలి. మొక్కను వేరుతో సహా తీసి, పాత పేపర్ల మధ్య ఆరబెట్టి, అట్ట మీద కుట్టి తేవాలి. ఒక్కో వృక్ష కుటుంబానికి ఒక మొక్క. గులాబీ కుటుంబం దగ్గరికి వచ్చేసరికి ఏటా ఒకటే తంతు. నలభై అట్టలు, నలభై పెరటి గులాబీలు. వాటిలో సగం ముందురోజు ఎవరి జడలోనో ఉన్నవే అయ్యుంటాయి. నేను పట్టించుకునేవాణ్ణి కాదు. నూజివీడు చుట్టుపక్కల ఆ కుటుంబంలో తనంతట తాను మొలిచే మొక్క ఒక్కటీ లేదని క్లాసులో చెప్పింది నేనే. పన్నెండేళ్ళుగా అదే మాట చెబుతూ వచ్చాను. నా పేరు లక్ష్మీనరసింహారావు. పిల్లలకు ఎల్లెన్ సార్‌ని. ఎల్లెన్ సార్ చెప్పాడంటే ఇక తిరుగులేదని వాళ్ళు అనుకునేవారు. వాళ్ళకంటే ఎక్కువగా నేను అనుకునేవాణ్ణి.

1986 ఫిబ్రవరిలో లేయా తన అట్టలు తెచ్చింది. చాట్రాయి దగ్గర ఒక మామిడితోటకు వాళ్ళ నాన్న శౌరి కాపలా. తోటలోనే పాకలో కాపురం. రోజూ బస్సులో వచ్చి చివరి బెంచీలో కూర్చునేది. అడిగితే తప్ప మాట్లాడేది కాదు.

గులాబీ అట్ట తిప్పబోయి ఆగిపోయాను. అక్కడ గులాబీ లేదు. జానెడు కొమ్మ ఉంది. చిటికెనవేలి గోరంత పసుపు పూలు, అయిదేసి రేకులు. రంపపు అంచుల చిన్న ఆకులు ఈనెకు అటూ ఇటూ వరసగా ఉన్నాయి. లెన్స్ పెట్టి చూశాను. రక్షకపత్రాల కింద ఇంకో వరస సన్నటి ఆకులు, లోపల బోలెడు కేసరాలు. అనుమానం లేదు, పొటెన్షిల్లా. గడ్డి బీళ్ళలో ఏళ్ళ తరబడి బతికే గులాబీ చుట్టం. నేను దాన్ని కొండ ప్రాంతాల్లోనే చూశాను.

వృక్షశాస్త్రం చెప్పేవాడు ఆ క్షణంలో ఎగిరి గంతెయ్యాలి. నాకు మాత్రం ఒళ్ళు మండింది. పన్నెండేళ్ళ మాట ఒక్క అట్టతో అబద్ధమైపోతుంటే ఓర్చుకునేంత పెద్దమనసు నాకప్పుడు లేదు. కారణం కూడా వెంటనే దొరికింది. జనవరిలో పిల్లల్ని ఊటీ తీసుకెళ్ళాం. లేయా రాలేదు. వెళ్ళినవాళ్ళెవరో తెచ్చి ఇచ్చి ఉంటారు.

"ఏమ్మా, ఊటీ నుంచి ఎవరు తెచ్చిచ్చారు?" క్లాసు మధ్యలోనే అడిగాను.

"ఎవరూ తేలేదండి. మా తోటలోదేనండి. పల్లంలో గేదె కోసం గడ్డి వదిలేసిన బీడుంది, అక్కడుందండి."

"మరి వేరు ఏది?"

"వేరు తియ్యలేదు సార్. ఒక్కటే మొక్కండి."

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"వేరు లేనిది హెర్బేరియం కాదు. సోమవారానికి వేరుతో సహా తీసుకురా. లేకపోతే రికార్డు మీద సంతకం పెట్టను."

సంతకం లేకపోతే ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు. అంటే డిగ్రీ పోయినట్టే. తోటపాక నుంచి కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి ఆ పిల్ల. అది తెలిసే అన్నాను.

లేయా ఒక్కటే అడిగింది. "మీరే ఒకసారి వచ్చి చూడండి సార్. బస్సు దిగాక అరగంట నడకండి."

"నీ అబద్ధం చూడ్డానికి అంతదూరం రావాలా?" అన్నాను.

సోమవారం పొద్దున్నే స్టాఫ్ రూమ్ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చేతిలో తడి గోనెగుడ్డ. బల్ల మీద విప్పింది. నల్లమట్టితో వేరు. నా బొటనవేలంత లావు. పైభాగాన ఏటేటా రాలిన ఆకుల మొదళ్ళు పొరలు పొరలుగా అంటుకుని ఉన్నాయి. ఎన్నేళ్ళదో లెక్క కట్టడం నా వల్ల కాలేదు. కొస మాత్రం తెగి ఉంది.

"నేల గట్టిగా ఉందండి. గునపంతో తవ్వుతుంటే మధ్యలో తెగిందండి. ఇప్పుడు నమ్మకం కుదిరిందా సార్?"

వెటకారం లేదు ఆ గొంతులో. నిజంగానే అడిగింది. రికార్డు తీసి సంతకం పెట్టాను. "పోనీ, మళ్ళీ నాటుదాం" అన్నాను.

"రెండు రోజులైందండి తీసి. ఆకు అప్పుడే వడిలిపోయింది."

ఆ ఆదివారం చాట్రాయి బస్సెక్కాను. అరగంట కూడా పట్టలేదు నడక. తోటంతా పూత మీదుంది, శౌరి మందు కొడుతున్నాడు. లేయా తల్లి రిబ్కమ్మ నన్ను బీడులోకి తీసుకెళ్ళి గొయ్యి చూపించింది. కొస వేరు లోపలే ఉండిపోయింది కదా, చిగురిస్తుందేమోనని రోజూ చెంబుడు నీళ్ళు పోస్తోందట.

"మా అత్తగారు చూపెట్టిందండి నాకు. పంటి నొప్పొస్తే రెండాకులు గిల్లుకునేవాళ్ళం. గడ్డి కోసేటప్పుడు కొడవలి చుట్టూ తిప్పుకుని పోయేవాళ్ళం కానీ, వేరు జోలికి ఎవరం పోలేదండి. పిల్ల చదువు కదా అని మొన్న నేనే తవ్వమన్నాను" అంది. నన్ను ఒక్క మాటా అనలేదు. మజ్జిగ ఇచ్చింది. తాగి లేచాను.

ఆ తోట చుట్టూ, పక్క తోటల్లోనూ సాయంత్రం దాకా తిరిగాను. ఇంకొకటి కనబడలేదు. నెలరోజులు నీళ్ళు పోసినా గొయ్యిలో చిగురు రాలేదు.

లేయా రికార్డుకు ఆ కొమ్మ చాలు. వేరున్న మొక్కను డిపార్ట్‌మెంట్ కోసం నేనే ఆరబెట్టి అట్ట మీద కుట్టాను. కింద చీటీలో మొక్క పేరు, ఊరు, తేదీ రాశాను. 'సేకరించినవారు' అన్న చోట లేయా పేరు రాయబోతూ ఆమెను పిలిచాను. సంతోషిస్తుందనుకున్నాను.

"నా పేరు వద్దు సార్. మీ పేరు రాసుకోండి. నా అంతట నేనైతే తీసేదాన్ని కాదండి."

చివరికి నా పేరే రాశాను. ఆ శిక్ష నాకు తగిందే అనిపించింది.

మార్చిలో ప్రాక్టికల్స్‌కు బయటి నుంచి వెంకటకృష్ణారావు గారని ఒక పెద్దాయన ఎగ్జామినర్‌గా వచ్చారు. పిల్లలు మైక్రోస్కోపుల దగ్గర వంగి ఉన్నారు. లేయా రెండో బల్ల దగ్గర ఉంది. ఆయన బీరువాలో అట్టలు తిరగేస్తూ పొటెన్షిల్లా అట్ట దగ్గర ఆగి, చీటీ చదివి, ల్యాబంతా వినబడేలా కేకేశారు.

"శభాష్ ఎల్లెన్ గారూ! ఈ మామిడితోటల్లో పొటెన్షిల్లానా? ఎంత కళ్ళండీ మీవి!" అంటూ నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. "రేపు ఆదివారం నేనూ వస్తాను. ఎన్ని ఉన్నాయక్కడ?"

"లేవండి. ఇదొక్కటే."

ఆయన చెయ్యి వదిలేశారు. మళ్ళీ అట్ట వంక, ఆ వేరు వంక చూశారు.

"ఒక్కటే అని తెలిసీ వేరుతో ఎందుకు పీకారండీ? కొమ్మ చాలదూ?"

పిల్లలు తలలెత్తి చూస్తున్నారు. లేయా కూడా చూస్తోంది.

"కొమ్మే తెచ్చిందండి, ఆ రెండో బల్ల దగ్గరున్న అమ్మాయి" అన్నాను. "మొక్కను కనిపెట్టింది తను. ఊటీ నుంచి తెప్పించి అబద్ధమాడుతున్నావని నలుగురిలో అన్నది నేను. తను నిజమే చెబుతోందని ఒప్పుకోడానికి నాకు వేరు కావాల్సొచ్చింది."