పక్కన నిలబడ్డ మనిషి

జంటలకు ఆరుబయట ఫోటోలు తీసే ఆ అమ్మాయికి సహాయకురాలు వాళ్ళ అత్తగారే. వినడానికి వింతగా ఉండేది కానీ, ఒకసారి ఆవిడ పని చూసినవాళ్ళకి ఆ మాట మళ్ళీ తోచేది కాదు. వెలుతురును మొహం మీదికి మళ్ళించే గుండ్రటి వెండిరంగు గుడ్డ ఒకటి ఉంటుంది. దాన్ని ఆవిడ పళ్ళెం అనేది. తలకి రుమాలు చుట్టుకుని, కాన్వాస్ బూట్లు వేసుకుని, ఆ పళ్ళేన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని కోడలు ఎటు జరగమంటే అటు జరిగేది. ఆ సమయంలో నోటికి మాత్రం విశ్రాంతి ఇచ్చేది కాదు.

"ఏం బాబూ, బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడ్డావేంటి? దగ్గరికి జరుగు. ఆ అమ్మాయేం కొరకదులే."

పెళ్ళి కావాల్సిన పిల్లలు సిగ్గుపడి నవ్వేవారు. సరిగ్గా ఆ నవ్వు మీద కోడలు బటన్ నొక్కేది.

అత్తాకోడళ్ళ మధ్య ఉండాల్సిన మనిషి లేడు. జ్వరమని ఆసుపత్రికి తన కాళ్ళ మీద నడిచి వెళ్ళినవాడు, మళ్ళీ ఆ కాళ్ళ మీద ఇంటికి రాలేదు. అప్పుడు కోడలి తల్లి వచ్చి, "పద, మనింటికి పోదాం" అంది. "వచ్చే నెల వస్తానమ్మా" అంది కూతురు. ఆ వచ్చే నెల ఇంకా రాలేదు. ఉండమని గానీ వెళ్ళమని గానీ అత్తగారు ఒక్కసారి కూడా అనలేదు. పొద్దున్నే రెండు కప్పుల్లో కాఫీ పోసేది, అంతే.

అంతకుముందు కోడలు ఒక స్టూడియోలో పాస్‌పోర్టు ఫోటోలు తీసేది. "గడ్డం కొంచెం పైకి. చెవులు కనపడాలి. నవ్వకండి." రోజంతా ఇదే మాట. అతను పోయాక ఆ కిటికీ లేని గదిలో ఊపిరాడలేదు. పని మానేసి ఒక పాత కెమెరా కొనుక్కుని బయటపడింది. ఇంట్లో ఒంటరిగా కూర్చోలేక అత్తగారూ వెంట బయల్దేరింది.

వాళ్ళు ఉండే మూడో అంతస్తు ఇల్లు చిన్నదే కానీ, హాల్లో ఒక పొడుగాటి కిటికీ ఉండేది. దాని చుట్టూ అత్తగారు పెంచే మొక్కలు. ఒక్కో కుండీకీ ఒక్కో చుట్టరికం కట్టబెట్టింది ఆవిడ. మూలన నిటారుగా నిలబడి, ఎవరి జోలికీ పోకుండా పెరిగే రబ్బరు మొక్క బావగారు. ఒక పూట నీళ్ళు తప్పితే చాలు సొమ్మసిల్లి పడిపోయి, కాసిని పోయగానే లేచి కూర్చునే పీస్ లిలీ తోటికోడలు. పిలవకపోయినా అందరి అల్మారాల్లోకీ పాకే మనీప్లాంట్ పిన్ని. ముళ్ళ మొక్క మాత్రం ఆడపడుచు. "దూరం నుంచి ఎంత ముచ్చటగా ఉంటుందో! ముట్టుకుంటేనే తెలుస్తుంది" అనేది. ఇంత బలగంలో కొడుకు పేరు పెట్టిన మొక్క ఒక్కటీ లేదు. కోడలు అది గమనించింది. అడగలేదు.

కొత్త ఆకు వస్తోందంటే ఆ ఇంట్లో అదొక సంబరం. కాగితం చుట్టలా బిగిసి ఉన్న లేత ఆకు కొద్దికొద్దిగా విప్పుకుంటుంటే, ఇద్దరూ కాఫీ కప్పులు పట్టుకుని దాని ముందు నిలబడేవారు. నిజానికి కోడలు వెలుతురును చదవడం నేర్చుకుంది ఆ మొక్కల దగ్గరే. ఏ ఆకు ఎటు మెడ తిప్పిందో చూస్తే ఎండ ఎటు నుంచి ఎంత మెత్తగా వస్తోందో తెలిసిపోయేది. ఫోటోలు అందించేటప్పుడు ప్రతి జంటకీ పిన్ని కొమ్మ ఒకటి వేరు పోయించి, చిన్న కుండీలో పెట్టి ఇచ్చేవారు. "వేలు మట్టిలో పెట్టి చూడండి. తడి తగిలితే పోయొద్దు. ప్రేమ ఎక్కువైతే కుళ్ళిపోతుంది" అని అత్తగారు జాగ్రత్తలు చెప్పేది.

తీసుకొచ్చిన ఫోటోల్ని కిటికీ పక్కన కంప్యూటర్ ముందు కూర్చుని ఏరేటప్పుడు కోడలికి మొహాలకంటే చేతులే ఎక్కువ కనపడేవి. ఒకరి మోచేతిని ఒకరు పట్టుకున్న తీరు, నడుం దగ్గర ఆగిపోయి వెయ్యాలా వద్దా అని తటపటాయించే వేళ్ళు. భర్త ఫోటోలు ఆమె దగ్గర లెక్కలేనన్ని ఉన్నాయి. మెట్ల మీద, వర్షంలో, నిద్ర లేస్తూ. ఇద్దరూ కలిసి ఉన్నవి మాత్రం పెళ్ళినాటివే. కెమెరా ఎప్పుడూ తన చేతిలోనే ఉండేది మరి. తను తీసిన ఆ ఫోటోల్లో అతను చూస్తున్నది తనవైపే అని తనకొక్కదానికే తెలుసు.

ఒక సాయంత్రం ఊరి చివర చెరువు దగ్గర ఫోటోలు తీయాల్సి వచ్చింది. పెళ్ళికొడుకూ, అతని అన్నగారూ కారులో ముందే వచ్చేశారు. పెళ్ళికూతురు మాత్రం ఇంకా తయారవుతూనే ఉందని ఫోనొచ్చింది. ఆమెను తీసుకురావడానికి పెళ్ళికొడుకే కారు వేసుకుని వెళ్ళాడు. అన్నగారు గట్టు మీద మిగిలిపోయాడు. కాస్త బొద్దుగా, ఎవరైనా పలకరిస్తే బావుండునన్నట్టు చూసే మనిషి.

ఎండ పల్చబడుతోంది. పిల్లలొచ్చేసరికి అన్నీ సిద్ధంగా ఉంటే తప్ప పని కాదు.

"ఏమనుకోకపోతే మీరొకసారి ఆ చెట్టు పక్కన నిలబడతారా? వెలుతురు చూసుకోవాలి" అని అడిగింది కోడలు.

అతను వెళ్ళి నిలబడ్డాడు. ఇద్దరు నిలబడితే ఎంత చోటు పడుతుందో తెలియడం లేదు.

"అత్తయ్యా, మీరు ఆయన పక్కకి వెళ్ళండి."

"నాకు కాళ్ళు లాగుతున్నాయమ్మాయ్. నువ్వే వెళ్ళు, నేనిక్కడ చూస్తాను" అంటూ ఆవిడ పళ్ళేన్ని ఒక రాయికి ఆనించి, స్టాండు మీదున్న కెమెరా వెనక్కి వచ్చింది.

"ఇద్దరం పూర్తిగా కనపడుతున్నామో లేదో చెప్పండి చాలు" అని కోడలు వెళ్ళి అతని పక్కన నిలబడింది. ఇద్దరి మధ్యా జానెడు దూరం. ఉతికి ఇస్త్రీ చేసిన చొక్కా వాసన తెలిసింది.

"ఊపిరి బిగబట్టి నిలబడ్డానండీ. త్వరగా కానివ్వమనండి. వదిలానంటే ఈ గుండీ ఊడి తిన్నగా మీ కెమెరా అద్దానికి తగులుతుంది" అన్నాడతను, పెదాలు కదపకుండా, చాలా గంభీరంగా.

కోడలు ఫక్కున నవ్వింది. అంతలో కారు వచ్చింది, పిల్లలు దిగారు, పని మొదలైంది.

మర్నాడు ఉదయం ఫోటోలు ఏరుతుంటే ఆ జంట ఫోటోలకి ముందు ఇంకొకటి కనపడింది. చెట్టు పక్కన అన్నగారు ఊపిరి బిగబట్టి ఉన్నాడు. అతని పక్కన తను, తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుపోయేంతగా నవ్వుతూ.

"అత్తయ్యా, ఇదేంటి?"

ఆకులు తుడిచే గుడ్డ చేత్తో పట్టుకునే వచ్చి చూసింది ఆవిడ. "బానే వచ్చిందే! మొదటిసారికి ఏం తక్కువ?"

"చూడమన్నాను. తియ్యమన్నానా?"

"చూశాను. చూశాకే తీశాను."

"ఎందుకు?"

అత్తగారు ఆ తడిగుడ్డని మడతపెట్టి, మళ్ళీ విప్పింది. "నువ్వు నవ్వావు. వాడు పోయాక నువ్వు మామూలుగా నవ్వడం చూశాను కానీ, ఇలా నవ్వడం చూడలేదు. కెమెరా బుల్లి తెరలో చూస్తుంటే ముందు నీ పక్కనున్నది మనవాడే అనుకున్నాను. ఒక్క క్షణం, ఒట్టు. తర్వాత కాదని తెలిసింది. కాదని తెలిశాకే నొక్కాను."

కోడలికి ఎక్కడలేని కోపం వచ్చింది. "నన్ను పంపించేద్దామని చూస్తున్నారా?"

"పంపించడానికి నువ్వేమన్నా పార్సిలా?" అంది అత్తగారు. వెళ్ళి బావగారి ఆకుల్ని, తుడిచినవాటినే మళ్ళీ తుడవసాగింది.

ఆ వేళంతా ఉప్పు ఎక్కడుంది, తాళం ఎక్కడుంది అనే మాటలు తప్ప ఇద్దరి మధ్యా మాటల్లేవు.

కానీ కోడలు ఆ ఫోటోని తీసెయ్యలేదు. పని మధ్యలో ఊరికే తెరిచి చూసుకునేది. ముందు తన మొహాన్ని చూసుకునేది, ఆ తర్వాత తన చేతికీ అతని చొక్కాకీ మధ్య ఉన్న ఆ జానెడు చోటుని. ఇస్త్రీ వాసన గుర్తొచ్చేది. అలా గుర్తురావడం సిగ్గుగా అనిపించి, ఫైలు మూసేసి లేచి వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోసేది. ఆ వారం తోటికోడలు ఒక్కసారి కూడా సొమ్మసిల్లలేదు.

పెళ్ళయి, ఫోటోలూ కుండీ అందించేశాక ఒకరోజు ఫోన్ మోగింది. ఎత్తింది అత్తగారు. మాట్లాడేది అన్నగారు. తమ్ముడూ మరదలూ ఊరెళుతూ మొక్కని తన దగ్గర వదిలి వెళ్ళారట. ఆకులన్నీ పసుపుపచ్చగా మారి రాలిపోతున్నాయట.

"ఆదివారం ఇంటికి పట్టుకురండి, చూద్దాం" అంది ఆవిడ, ఎంతో తియ్యగా.

"ఫోన్లో చెప్తే సరిపోయేదిగా" అంది కోడలు.

"డాక్టరు ఫోన్లో నాడి చూస్తాడా?"

ఆదివారం అత్తగారు చుట్టాలొస్తే తప్ప బయటికి తియ్యని కప్పులు తీసి కడిగింది. కుర్చీల మీదున్న కుండీలన్నిటినీ కిందికి దించింది. కోడలు ఏమీ పట్టనట్టే ఉంది కానీ, లోపలికి వెళ్ళి బట్టలు మార్చుకుంది. మళ్ళీ పాతవే కట్టుకుంది. గంట మోగేసరికి మళ్ళీ కొత్తవాటిలో ఉంది.

అన్నగారు కుండీని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు. అత్తగారు వేలు మట్టిలో గుచ్చింది. "అయ్యో, ఇది మట్టా, బురదా? రోజూ పోస్తున్నారా ఏంటి?"

"నేను కాదండీ, మా ఆవిడ. పొద్దున తను పోస్తుంది, సాయంత్రం పిల్లలు పోస్తారు. ఎండిపోతే తమ్ముడేమంటాడోనని మా ఇంటిల్లిపాదికీ భయం. తనూ వద్దామనుకుంది, చిన్నాడికి జలుబు చేసి ఆగిపోయింది."

అత్తగారి వేలు మట్టిలోనే ఉండిపోయింది. "పిల్లలెంతమంది?"

"ఇద్దరండీ."

"సంతోషం" అందావిడ, చావు కబురు విన్న గొంతుతో.

అతను కాఫీ తాగాడు, మొక్కల్ని మెచ్చుకున్నాడు, ఆడపడుచును ముట్టుకుని వేలు గుచ్చుకున్నాడు. వెళ్ళేముందు కోడలితో, "మాకు కూడా ఒకసారి ఫోటోలు తీస్తారా? పెళ్ళినాటివి తప్ప మా ఇద్దరికీ వేరే లేవండీ" అన్నాడు.

"తీస్తాను. తప్పకుండా" అంది కోడలు.

తలుపు మూసుకున్నాక అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందెవరు నవ్వారో తెలియదు. అత్తగారు నవ్వీ నవ్వీ కుర్చీలో కూలబడి, బురద వేలితోనే కళ్ళు తుడుచుకుంది. మొహమంతా మట్టి అయింది. ఆ నవ్వు ఎక్కడో ఏడుపులోకి మళ్ళింది. కోడలు వచ్చి ఆవిడ పక్కన నేల మీద కూర్చుంది.

"నాకు ఆయన కావాలని కాదత్తయ్యా" అంది. "ఆయన మంచివాడే. కానీ సంగతి ఆయన గురించి కాదు. పక్కన ఎవరైనా నిలబడితే ఎలా ఉంటుందో మర్చిపోయాను. అది మళ్ళీ గుర్తొచ్చింది. గుర్తురాకుండా ఉన్నా బాగుండేది."

"నువ్వు వెళ్ళిపోతే నేనేమైపోతానా అని ఒక రోజు ఏడుస్తాను. వెళ్ళకపోతే నీ గతేంటని ఇంకో రోజు ఏడుస్తాను" అంది అత్తగారు. "వాడుంటే ఈ ఏడుపులు రెండూ ఉండేవి కావు."

అతని గురించి ఇద్దరూ కలిసి అంతసేపు మాట్లాడుకున్నది ఆ రోజే. అతను చిన్నప్పుడు నిద్రలో నడిచేవాడని కోడలికి అప్పుడే తెలిసింది. తనకి జడ వెయ్యడం వచ్చని అతను గొప్పలు చెప్పి, కోడలి జుట్టంతా చిక్కులు పెట్టి, చివరికి కత్తెర తెచ్చిన సంగతి అత్తగారికీ అప్పుడే తెలిసింది.

కొన్నాళ్ళకి అన్నగారి కుటుంబానికి ఫోటోలు తీశారు. పార్కులో, పొడుగాటి చెట్ల వరస కింద. భార్య సన్నగా, గలగలా మాట్లాడే మనిషి. పిల్లలు బెంచీల చుట్టూ పరుగులు పెడుతున్నారు. కోడలు కెమెరా సరిచేసుకుంటుంటే, ఆమె పిల్లల్ని కేకలేస్తూనే, భర్తవైపు చూడనైనా చూడకుండా చెయ్యి చాపి అతని కాలరు సర్దింది. అతనూ చూడలేదు. మెడ కొద్దిగా వంచాడు, అంతే. ఇద్దరికీ ఆ పని జరిగినట్టే తెలియలేదు.

కోడలు బటన్ నొక్కడం మర్చిపోయింది. నవ్వూ, పక్కన నిలబడటమూ కాదు, తను ఇన్నాళ్ళూ తపించింది ఆ చెయ్యి కోసం. చూడకుండా చాపితే అందే మెడ కోసం. "అమ్మాయ్, వెలుతురు పోతోంది" అని అత్తగారు పిలిచాక మళ్ళీ పనిలో పడింది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఇద్దరికీ పక్కపక్కన సీట్లు దొరికాయి.

"అమ్మ మొన్న ఫోన్ చేసింది. ఎవరో ఉన్నారట, ఒకసారి మాట్లాడమంటోంది" అంది కోడలు.

"నువ్వేమన్నావు?"

"ఈసారి వద్దనలేదు. చూద్దామన్నాను."

అత్తగారు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. వీధి దీపాలు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. "మంచి పని చేశావు" అంది. ఒళ్ళో సంచి సర్దుకుని, "ఎంత దూరం?" అని అడిగింది.

"ఏది?"

"అదే, ఆ ఎవరో ఉండేది."

"నాకూ తెలియదత్తయ్యా."

"ఎవరైనా సరే. మరీ దూరం మాత్రం వద్దు."

కోడలు ఆవిడ చేతిని తన రెండు చేతుల మధ్యకి తీసుకుంది. పళ్ళెం పట్టుకుని పట్టుకుని కాయలు కాచిన ఆ అరచేతిని నిమురుతూ కూర్చుంది. ఆ ధ్యాసలో వాళ్ళు దిగాల్సిన స్టాపు దాటిపోయింది. తర్వాతి స్టాపులో దిగి, సంచులు చెరొక భుజానికి వేసుకుని, ఇద్దరూ మెల్లగా వెనక్కి నడుచుకుంటూ ఇంటికి వచ్చారు.