గడప తొక్కని సర్వే

ఆ గోడ మొదటి దెబ్బకు పడలేదు. రెండో దెబ్బకూ పడలేదు. బుల్డోజరు వెనక్కి వెళ్ళి, ఊపు తెచ్చుకుని మళ్ళీ గుద్దింది. పైనుంచి కాస్త సున్నం రాలింది, అంతే. వీధి వీధంతా నోరెళ్ళబెట్టి చూస్తోంది. రోడ్డు మీద మంచం, దాని మీద ఇంటి సామానంతా. పక్కనే ముసలి మేస్త్రి నిలబడి ఉన్నాడు. ఇల్లు ఆయనదే, ఆ గోడ కట్టిందీ ఆయనే.

"ఏ క్షణమైనా కూలిపోవచ్చు" అని ఆ గోడ గురించి కాగితం మీద రాసింది నేను.

నేను గృహనిర్మాణ బోర్డులో సర్వేయర్ని. అది మూతపడిన నూలు మిల్లు వెనక వీధి. నలభై రెండు ఇళ్ళు, చాలావరకు మిల్లులో చాకిరీ చేసి సొంతం చేసుకున్నవే. వాటిని నిర్బంధంగా తీసుకుని, కూల్చి, ఇల్లు లేని పేదలకు అపార్టుమెంట్లు కడతామని బోర్డు ప్రకటించింది. అలా తీసుకోవాలంటే ఆ ఇళ్ళు మనుషులుండటానికి పనికిరావని ఎవరో ఒకరు రాసివ్వాలి. మా పై అధికారి నాకు ఒక్కరోజు గడువిచ్చాడు.

"అన్నీ ఒకే రకం ఇళ్ళయ్యా. ఒకటి చూసి తక్కినవి రాసెయ్" అన్నాడు.

నేను ఆ ఒక్కటీ చూడలేదు. వీధి చివర టీకొట్టులో కూర్చుని నలభై రెండు ఫారాల మీద 'నివాసయోగ్యం కాదు' అని రాశాను. మొదటి నాలుగైదింటికి చెయ్యి తటపటాయించింది. తర్వాత అలవాటైపోయింది. వీధిలో మొదటిదైన మేస్త్రి ఇంటి ఫారం మీద 'ఏ క్షణమైనా కూలిపోవచ్చు' అని కూడా చేర్చాను; అలా రాసిన ఇంటిని విచారణ లేకుండానే కూల్చొచ్చు. ఇది గొప్ప కోసం చెప్పుకోవడం లేదు. రేపు మీలో ఎవరి చేతికైనా అలాంటి ఫారం రావచ్చు, అందుకు చెబుతున్నాను.

అయిదో దెబ్బకు గోడ పడింది. మేస్త్రి నా దగ్గరికి వచ్చాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"బాబూ, చదువుకున్నోడివి. అందులో పగులెక్కడుందో చెప్పు. నలభై ఏళ్ళు గోడలు కట్టాను. నాకు కనపడనిది నీకెలా కనపడిందో తెలుసుకుందామని అడుగుతున్నా."



ఆ ఆదివారం మిల్లు గేటు ముందు వీధివాళ్ళు మీటింగు పెట్టుకున్నారు. తక్కిన నలభై ఒక్క ఇళ్ళ మీద బహిరంగ విచారణకు ఇంకా పది రోజులుంది. నేనూ వెళ్ళాను. నన్ను చూడగానే ఒక లారీ డ్రైవరు కాలరు పట్టుకున్నాడు.

"ఏరా, ఇంకేం కొలవడానికొచ్చావు? మా శవాలా?"

విడిపించింది దర్జీ అక్క. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది, వీధి సంఘం నడిపేది ఆవిడే. జాలిపడి విడిపించలేదు.

"కొడితే మనకేం ఒరుగుతుంది? వాగనివ్వు, విందాం."

చెప్పాను. ఏ ఇంట్లోనూ అడుగు పెట్టలేదని చెప్పాను. ఇంట్లో భార్యకు కూడా చెప్పని మాట ఇంకొకటి చెప్పాను. కట్టబోయే ఇళ్ళు మూడు వందలు. అందులో పేదలకు అరవై. మిగతావి కాంట్రాక్టరు అమ్ముకుంటాడు. ప్లానులో ఆ అరవై మురుక్కాలవ పక్కన గీసింది కూడా నేనే.



"అంటే కాలవ అవతల షెడ్లవాళ్ళు మనమీద రాళ్ళేసింది ఈ అరవై కోసమా?" అన్నాడు డ్రైవరు. ఆ రేకుల షెడ్లలో ఆరు వందల కుటుంబాలు ఇళ్ళ కోసం ఏళ్ళ తరబడి ఎదురు చూస్తున్నాయి. మీ ఇళ్ళకు అడ్డం ఈ వీధివాళ్ళేనని ఆ కుటుంబాలకు బోర్డు నూరిపోసింది.

"వాళ్ళ గొడవ మనకెందుకు? మన కొంపలు మనకుంటే చాలు" అని గొణిగాడు ఒక పెద్దాయన.

దర్జీ అక్క ఆయన మీద విరుచుకుపడింది. "బోర్డుకి కావలసింది అదే బాబాయ్! ఇల్లున్నోళ్ళూ ఇల్లు లేనోళ్ళూ జుట్లు పట్టుకుంటే మధ్యలో స్థలం కొట్టేయొచ్చని! ఇంత మిల్లు స్థలం ఖాళీగా పడుంది, అక్కడ కట్టమందాం. వాళ్ళకి ఇల్లు కావాలి, మనకి ఇల్లు పోకూడదు. రెండూ ఒకటే కొట్లాట."

తర్వాత నా వైపు తిరిగింది. "విచారణలో నిలబడి ఇదే చెప్తావా?"

"చెప్తాను."

"ఉద్యోగం ఊడితే మా దగ్గరికొచ్చి ఏడవకు మరి."

మర్నాడే ఆవిడ నలుగురిని వెంటబెట్టుకుని షెడ్లకు వెళ్ళింది. తరిమేశారు. మళ్ళీ వెళ్ళింది. మూడోసారి వీధులూడ్చే ఒకావిడ, అందరూ చీపురమ్మ అనేవాళ్ళు, గుమ్మంలో చాప వేసి, "చెప్పు, వింటా. నమ్మడం తర్వాత" అంది.

విచారణ రోజున బోర్డు షెడ్లవాళ్ళను లారీల్లో తోలుకొచ్చి హాల్లో ఒక పక్క కూర్చోబెట్టింది. రెండో పక్క వీధివాళ్ళు. మా అధికారి నా నివేదిక చదవడం మొదలుపెట్టాడు. ఇంటి నంబరు, నివాసయోగ్యం కాదు. మళ్ళీ నంబరు, నివాసయోగ్యం కాదు. నా మాటలే నన్ను చూసి పళ్ళికిలించినట్టనిపించింది. లేచాను.

"అది అబద్ధం. రాసింది నేనే. ఒక్క గడప కూడా తొక్కలేదు."

అధికారి "కూర్చో!" అని అరిచాడు. నేను అరవై ఇళ్ళ సంగతి చెప్పాను. చీపురమ్మ బల్ల ఎక్కి నిలబడింది.

"ఏమయ్యా దొరా, ఆరొందల కుటుంబాలం. ఏ అరవై మందికి ఇస్తావు? మిగిలినోళ్ళం మళ్ళీ ఎవరి కొంప మీద రాళ్ళెయ్యాలి?"

ఆవిడ బల్ల దిగి నడిచి వెళ్ళి దర్జీ అక్క పక్కన కూర్చుంది. వెనకే ఒకరు, తర్వాత పదిమంది, తర్వాత లారీల్లో వచ్చినవాళ్ళంతా. హాల్లో ఒక పక్క కుర్చీలన్నీ ఖాళీ. అప్పుడు పోలీసులు లోపలికొచ్చారు.

నన్నూ, దర్జీ అక్కనూ, చీపురమ్మనూ, డ్రైవరునూ వ్యానెక్కించారు. ఎవరైనా భుజం తడతారేమోనని లోపల ఒక ఆశ. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ ఉన్నమాట.

"పెద్ద ఘనకార్యం చేశాననుకుంటున్నావా?" అంది దర్జీ అక్క.

"లేదక్కా."

"అయితే సరే. జరుగు, నాకు చోటు చాలట్లేదు."

అయిదో రోజు వదిలారు. ఉద్యోగం పోయింది. నేరుగా వీధికి వెళితే గుర్తు పట్టలేకపోయాను. నిలబడి ఉన్న నలభై ఒక్క ఇళ్ళలోనూ షెడ్ల కుటుంబాలు దిగి ఉన్నాయి. గది ఉన్నవాళ్ళు గది, లేనివాళ్ళు వసారా ఇచ్చారు. మిల్లు స్థలంలో ఇళ్ళు కట్టిందాకా ఎవరూ కదలకూడదని మేము లోపలుండగానే తీర్మానించుకున్నారట. తీర్మానం పెట్టింది, "మన కొంపలు మనకుంటే చాలు" అన్న పెద్దాయనే.

విచారణ పూర్తయిందని బోర్డు రాసేసుకుందట, పదకొండింటికి బుల్డోజరు వచ్చింది. వెనక మూడు వ్యాన్ల పోలీసులు. రెండో ఇంటి ముందు జనం చేతులు పట్టుకుని వరసలు కట్టారు. వీధివాళ్ళెవరో, షెడ్లవాళ్ళెవరో తెలియడం లేదు. అధికారి మైకులో, "ఇంటి యజమానులు పక్కకు రండి, మీతో మాట్లాడతాం" అన్నాడు. ఒక్కరూ రాలేదు. "పోనీ షెడ్లవాళ్ళు రండి" అన్నాడు. ఎవరూ కదల్లేదు.

ముందు వరసలో మేస్త్రి ఉన్నాడు. వెళ్ళి ఆయన పక్కన నిలబడబోయాను. తల తిప్పి చూశాడు.

"నా ఇల్లు పడగొట్టింది నువ్వే. నేను మర్చిపోను."

"మర్చిపోవద్దు తాతా."

ఆయన చాలాసేపు నన్నే చూశాడు. తన పక్క చోటివ్వలేదు. గడ్డంతో వరస చివరి వైపు చూపించాడు.

"అదిగో, ఆ మూల మనిషి తక్కువయ్యాడు. పోయి నిలబడు."

పరిగెత్తాను. అటు డ్రైవరు చెయ్యి, ఇటు పేరు తెలియని ఎవరిదో చెయ్యి. బుల్డోజరు ఇంజను మోగింది. వరస ఒక్క అడుగు ముందుకేసింది.